కామోనికా లోయ మ్యూజియం: వస్తువును చూసి, దాని బొమ్మను కొండ మీద వెతుక్కోవడం ఎలా

చదువుకో ఉద్యోగానికో ఇటలీ వచ్చిన మనవాళ్లు రోమ్, వెనిస్, పీసా తప్పకుండా చూస్తారు. మిలాన్‌లో రెండు మూడేళ్లు ఉన్నవాళ్లు కూడా అక్కడికి రైల్లో మూడు గంటల దూరంలో ఉన్న కామోనికా లోయ పేరు విని ఉండరు. నాకు అది బాధగానే ఉంటుంది. యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఇటలీ నుంచి మొట్టమొదట చేరింది ఈ లోయే, 1979లో. ఇక్కడి రాళ్ల మీద 1,40,000కు పైగా బొమ్మలు, గుర్తులు ఉన్నాయని, ఎనిమిది వేల ఏళ్ల పాటు మనుషులు చెక్కుతూ వచ్చారని యునెస్కో చెప్తుంది.

లోయ మధ్యలో కాపో ది పోంతే అనే చిన్న ఊరుంది. అక్కడ 2014లో పూర్వచరిత్ర మ్యూజియం తెరిచారు. అందరూ ముద్దుగా ‘ముప్రే’ అంటారు. మంచుయుగం చివరి వేటగాళ్ల రాతి పనిముట్లతో మొదలై, రోమన్లు ఈ లోయను గెలుచుకునే కాలం దగ్గర ఆగిపోతుంది. రోమన్ల కాలపు వస్తువులకు ఇదే లోయలో చివిదాతే కామూనో అనే ఊళ్లో ఇంకో మ్యూజియం ఉంది. అందుకని ముప్రేలో పాలరాతి విగ్రహాలు, చక్రవర్తుల తలలు ఉంటాయనుకుని వెళ్లొద్దు. రోమన్లకు ముందు ఇక్కడ బతికిన మామూలు జనం వస్తువులు ఉంటాయి.

నేను చాలాసార్లు వెళ్లాను, ఇంటికొచ్చిన చుట్టాలను తీసుకెళ్లాను. నాకు అర్థమైంది ఒక్కటే. ఈ మ్యూజియాన్ని విడిగా చూస్తే రాళ్లు, పెంకులు అనిపిస్తుంది. కొండ మీది బొమ్మల్ని విడిగా చూస్తే గీతలు అనిపిస్తుంది. లోపల వస్తువు చూసి, ఆ వస్తువు బొమ్మను బయట రాయి మీద పట్టుకుంటే మాత్రం రెండూ ఒక్కసారిగా మాట్లాడతాయి. కింద చెప్పే పద్ధతి అంతా దానికోసమే.

ముందు రోజు, టైం ఖాయం చేసుకోండి

మార్చి, ఏప్రిల్, లేదంటే సెప్టెంబర్, అక్టోబర్ బాగుంటాయి. చలి తక్కువని కాదు, సూర్యుడు కిందుగా ఉంటాడని. రాతి మీద చెక్కిన బొమ్మ లోతు చాలా తక్కువ. ఎండ నడినెత్తి మీద ఉంటే గుంటలో నీడ పడదు, నీడ లేకపోతే బొమ్మ లేదు. నేను మొదటిసారి జూన్ నెలలో మిట్టమధ్యాహ్నం వెళ్లాను. బోర్డు మీద జింక అని రాసి ఉంది, ఎదురుగా బోడి రాయి కనిపించింది. ఎంతో నిరాశగా తిరిగొచ్చాను. అదే రాయిని అక్టోబర్ సాయంత్రం చూస్తే జింక కొమ్ములు కూడా లెక్కపెట్టగలిగాను.

ఇది ప్రభుత్వ మ్యూజియం, కాబట్టి ప్రతి నెలా మొదటి ఆదివారం టికెట్ ఉండదు. డబ్బు మిగులుతుంది కానీ ఆదివారం ఆ లైన్‌లో రైళ్లు తక్కువ, జనం ఎక్కువ. ప్రశాంతంగా చూడాలంటే మామూలు రోజే మేలు. తెరిచే రోజులు, వేళలు సీజన్‌ని బట్టి మారతాయి. బయల్దేరే ముందు రోజు మ్యూజియం వేళలు, కొండ మీది పార్కు వేళలు రెండూ విడివిడిగా చూసుకోండి. ఒకటి తెరిచి ఉందని రెండోదీ తెరిచి ఉంటుందనుకోవద్దు.

రైలు

మిలాన్ నుంచి బ్రెషా వరకు రైళ్లకు కొదవ లేదు. బ్రెషాలో దిగి, ఎదొలో అనే ఊరికి వెళ్లే చిన్న రైలు ఎక్కాలి. కాపో ది పోంతేకు దాదాపు రెండు గంటల ప్రయాణం. పేపర్ టికెట్ కొంటే ఎక్కే ముందు స్టేషన్‌లో మెషీన్‌లో స్టాంప్ వేయించుకోండి. వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ పట్టుకోండి, ఇజెయో సరస్సు చాలాసేపు పక్కనే వస్తుంది. తిరుగు రైలు టైం ముందే ఫోన్‌లో పెట్టుకుంటే సాయంత్రం టెన్షన్ ఉండదు. కాళ్లకు పట్టున్న బూట్లు వేసుకోండి. కొండ దారిలో రాళ్లు, వాటి మీద చెట్ల ఆకులు ఉంటాయి. వాన పడితే జారుతుంది. తినడానికి పులిహోర లాంటిది కట్టుకెళ్తే ఊళ్లో హోటల్ వెతుక్కునే పని తప్పుతుంది.

రైల్లోనే చేయాల్సిన హోంవర్క్

మ్యూజియంలో మనవాళ్లు త్వరగా విసిగిపోయేది లేబుళ్ల దగ్గర. పది నిమిషాలు కేటాయిస్తే ఆ బెడద పోతుంది. తేదీ పక్కన ‘ఎ.సి.’ అని రెండు అక్షరాలు ఉంటే క్రీస్తు పూర్వం, ‘డి.సి.’ అని ఉంటే క్రీస్తు శకం. ‘మిల్లేన్యో’ అంటే వెయ్యేళ్లు, ‘సెకోలో’ అంటే శతాబ్దం. వీటి ముందు రోమన్ అంకెలు వేస్తారు. క్రీస్తు పూర్వం మూడో మిల్లేన్యో అంటే క్రీ.పూ. 3000 నుంచి 2000 వరకు. క్రీ.పూ. లెక్క వెనక్కి నడుస్తుంది కాబట్టి అంకె పెద్దదయ్యేకొద్దీ వస్తువు పాతది. చిన్నపిల్లలకు ఇది ముందే చెప్పి తీసుకెళ్తే లోపల వాళ్లే మనకి చెప్తారు.

ఇంకొన్ని మాటలు: ‘సెల్చే’ అంటే చెకుముకి రాయి, ‘రామె’ రాగి, ‘ఫెర్రో’ ఇనుము, ‘పున్యాలే’ బాకు, ‘ఆషా’ గొడ్డలి, ‘బొక్కాలే’ పిడి ఉన్న మట్టి పాత్ర. ఈ ఆరు ముక్కలు వస్తే లేబుళ్లలో చాలా భాగం అర్థమైపోతుంది.

కింది అంతస్తు: నిలురాళ్ల దగ్గర తొందరపడొద్దు

లోపలికి వెళ్లగానే ఎదురయ్యేవి రాగి యుగపు నిలురాళ్లు. చెమ్మో, ఒస్సీమో లాంటి చోట్ల ఆరుబయట వరసగా నిలబెట్టి కొలుచుకున్న రాళ్లు ఇవి. మీ సమయంలో సగం ఈ అంతస్తుకే ఇవ్వండి.

చూసే పద్ధతి ఇది. రాయికి నేరుగా ఎదురుగా నిలబడొద్దు. ఒక పక్కకు జరగండి, భుజం రాయి వైపు ఉండేట్టు నిలబడి, చెంప వాల్చి రాతి మీదుగా ఏటవాలుగా చూడండి. లోపల దీపాలను కూడా పక్క నుంచి వెలుగు పడేట్టే పెడతారు. మూడు నాలుగు క్షణాలు ఏమీ కనబడదు. తర్వాత ఒక గీత, దాని పక్కన ఇంకోటి, ఉన్నట్టుండి బాకు మొత్తం కనబడుతుంది. ఒకసారి కన్ను అలవాటు పడిందంటే ఇక వద్దన్నా బొమ్మలు కనిపిస్తూనే ఉంటాయి.

దగ్గరికెళ్లి చూస్తే ఆ గీత నిజానికి గీత కాదు. చుక్క పక్కన చుక్క. గట్టి రాయితో ఒక్కో దెబ్బ కొడుతూ, ఆవగింజంత గుంటలు చేసుకుంటూ వెళ్లారు. మన ఊళ్లలో రోళ్లకు, తిరగళ్లకు గంట్లు పెట్టేవాళ్లు ఉలితో టకటకా కొట్టుకుంటూ పోతారే, ఇంచుమించు అలాంటి పని. ఒక్క బాకు బొమ్మకు ఎన్ని దెబ్బలు పడ్డాయో ఆ గుంటలు చూస్తూ ఊహించండి. ఊరికే కాలక్షేపానికి గీకింది కాదని మీకే తెలుస్తుంది.

ఇప్పుడు బాకు ఆకారం జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. మూడు మూలల అలుగు, పిడి చివర అర్ధచంద్రం. ఈ లోయ బొమ్మల కాలం చెప్పడానికి గట్టి ఆధారం అదే. రాయి మీద గీసిన బొమ్మకు వయసు కట్టడం కష్టం. కానీ ఇదే జిల్లా మైదానంలో రెమెదెల్లో అనే ఊరుంది, అక్కడి పాత సమాధుల్లో అచ్చం ఇలాంటి రాగి బాకులు దొరికాయి. సమాధికి కాలం కట్టగలిగితే బాకుకీ కట్టినట్టే, బాకుతో పాటు రాతి మీది బొమ్మకీ. అలా ఈ రకం బాకులున్న నిలురాళ్లు సుమారు క్రీ.పూ. 2900–2400 మధ్యవని లెక్కకట్టారు. ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన ఓట్జీ అనే మనిషి చేతి రాగి గొడ్డలి లాంటివి కూడా రెమెదెల్లో సమాధుల్లో ఉన్నాయి. పొరుగు ఊరి వస్తువుతో ఈ ఊరి రాయి వయసు తేలడం నాకు ఎన్నిసార్లు విన్నా కొత్తగానే ఉంటుంది.

చాలా రాళ్లకు ముఖం ఉండదు. తల ఉండాల్సిన చోట కిరణాల సూర్యుడు ఉంటాడు. బాకులు, గొడ్డళ్లు ఉన్నవాటిని మగ రూపాలని, జంట సుడుల పతకాలు, గొలుసులు ఉన్నవాటిని ఆడ రూపాలని పురాతత్వవేత్తలు అంటారు. కొన్నింటి మీద దున్నుతున్న ఎద్దుల జత కనిపిస్తుంది. నాగలి, కాడి వెతకండి. ఒకే రాయి మీద ఒక బొమ్మను తొక్కేస్తూ ఇంకో బొమ్మ చెక్కిన చోట్లు కూడా ఉంటాయి. ఏది దేని మీద పడిందో చూస్తే ఏది ముందో ఏది తర్వాతో తెలుస్తుంది. పిల్లలుంటే ఈ పని వాళ్లకు అప్పగించండి, పెద్దవాళ్ల కంటే బాగా పట్టుకుంటారు.

మా అమ్మది నారాయణపేట. ఈ హాల్లోకి రాగానే ఆగిపోయి, ‘ముడుమాల నిలురాళ్లు గుర్తొస్తున్నయి’ అంది. ముడుమాల్ వాళ్ల జిల్లాలోనే, కృష్ణ ఒడ్డున ఉంది. మనిషికి రెండింతల ఎత్తున్న రాళ్లు నిలబెట్టి ఉంటాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో ఆ ఊరి పేరు కూడా చేరింది. కాలం వేరు, మనుషులు వేరు, రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు. అయినా రాయిని ఎత్తి నిలబెట్టి దాని ముందు చేరడమన్నది మనకు కొత్త కాదు కాబట్టి, ఈ హాలు తెలుగువాళ్లకు పరాయిగా అనిపించదు.

పై అంతస్తు: అన్నీ చూడకండి, నాలుగు ఎంచుకోండి

పైన ఇళ్లు, చేతిపనులు, సమాధులు, పూజలు అని విషయాల వారీగా వస్తువులు పెట్టారు. ప్రతి అద్దాల పెట్టె ముందూ సమానంగా నిలబడితే అరగంటలో అలసట వస్తుంది. కొండ మీద బొమ్మగా మళ్లీ కనిపించేవాటిని ఎంచుకోండి. ఆయుధం ఒకటి, నేత పనికి సంబంధించింది ఒకటి, ఇంటి సామాను ఒకటి, రాత ఉన్నది ఒకటి. ఒక్కోదాన్నీ నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గీసుకోండి. బొమ్మ బాగా రావాల్సిన పనిలేదు. గీసేటప్పుడు కన్ను ఆకారాన్ని పట్టుకుంటుంది, ఫోటో తీసేటప్పుడు అది జరగదు. ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకోవచ్చు, అది ఇంటికొచ్చాక పనికొస్తుంది.

నేతకు సంబంధించిన వస్తువు అన్నాను కదా, అది చూడటానికి ఏమీ ఉండదు. కాల్చిన మట్టి ముద్ద, పైన ఒక బెజ్జం. చాలామంది దాటుకుని వెళ్లిపోతారు. అమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది. వాళ్ల పుట్టింట్లో గుంట మగ్గం ఉండేది. పడుగు, అంటే బట్ట పొడవునా ఉండే దారాలు, నేలకు సమాంతరంగా పరుచుకుని ఉంటుంది, నేసేవాళ్లు గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు. ఇక్కడ మగ్గం నిలువుగా నిలబడుతుంది, పడుగు పై నుంచి కిందికి వేలాడుతుంది. అది బిగువుగా ఉండాలి కదా, అందుకే దారాల కొసలకు ఈ మట్టి ముద్దలు కట్టేవాళ్లు. ‘పడుగు వదులైతే బట్ట చెడిపోతది, అందుకే బరువు కట్టిన్రు’ అని అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. ఇంగ్లిష్ లేబుల్ చదివి ఆమెకు చెప్పాలనుకున్న నేను నోట్‌బుక్ తీసి ఆమె చెప్పింది రాసుకున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను ఇక్కడికి తప్పకుండా తీసుకురండి. కుమ్మరం, కమ్మరం, సేద్యం, నేత ఏది తెలిసినా, ఈ అంతస్తులో మనకంటే వాళ్లకే ఎక్కువ కనిపిస్తుంది.

రాత విషయం. రోమన్లకు ముందు ఇక్కడ ఉన్నవాళ్లను కామున్నీలు అంటారు. లోయకు ఆ పేరు వాళ్ల నుంచే వచ్చింది. వాళ్లు ఇటలీలోనే ఇంకో పాత జాతి అయిన ఎట్రస్కన్ల లిపికి దగ్గరి అక్షరాలతో రాళ్ల మీద రాసుకున్నారు. అక్షరాలు చాలావరకు పలకగలుగుతున్నాం, భాష మాత్రం ఇంకా అర్థం కాలేదు. కొన్ని చోట్ల అక్షరమాలను మొదటి నుంచి వరసగా చెక్కారు, పలక మీద దిద్దుకున్నట్టు. క్రీ.పూ. 16లో రోమన్ సేనలు ఈ లోయను లొంగదీసుకున్నాయి. ఫ్రాన్స్‌లో మొనాకో దగ్గర లా టుర్బీలో అగస్టస్ చక్రవర్తి గెలుపుకు గుర్తుగా కట్టిన స్మారక కట్టడం మీద, ఓడిపోయిన ఆల్ప్స్ జాతుల పట్టికలో కామున్నీల పేరు చెక్కి ఉంది. ఆ తర్వాత వాళ్ల రాత మెల్లగా ఆగిపోయింది. ఆ అక్షరాల ఆకారాన్ని కూడా నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోండి.

ఇప్పుడు కొండ ఎక్కండి

భోజనం చేసి, ఎండ కాస్త వాలాక, ఊరి పైన ఉన్న నాక్వానే పార్కుకు నడవండి. దారి నిటారుగా ఉంటుంది కానీ మెల్లగా నడిస్తే అరగంట. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆగుతూ ఎక్కాలి. ఈ పార్కు 1955 నుంచి ఉంది, 104 చెక్కిన రాళ్లున్నాయి. అన్నీ చూడాలన్న పట్టుదల వద్దు. మంచునదులు రుద్ది నున్నగా చేసిన ఊదా బూడిద రంగు బండలు ఇవి, బొమ్మలకు పలక తయారుచేసి పెట్టినట్టు ఉంటాయి.

మొదట ఒకటో నంబర్ రాయి. ఒక్క బండ మీదే దాదాపు వెయ్యి బొమ్మలు. జింకలు, వేట, మనుషులు. వాటి మధ్య నిలువు చట్రాలు వెతకండి, అవే మగ్గాలు. పై కర్ర, కిందికి దిగే పడుగు, దాని కొసన వరసగా చుక్కలు. ఆ చుక్కలే మీరు పొద్దున పెట్టెలో చూసిన మట్టి ముద్దలు. అమ్మ కర్ర వంతెన కమ్మీ పట్టుకుని వంగి, చుక్కల్ని వేలితో గాల్లోనే లెక్కపెట్టింది. ‘నేసేటోళ్లే గీసిన్రు. తెల్వనోళ్లకు బరువులు గీయాలని తోచది’ అంది. అది నిజమో కాదో ఎవరూ చెప్పలేరు, కానీ ఆ మాట తర్వాత నేను ఆ బొమ్మను ఇంకోలా చూడలేకపోయాను.

తర్వాత 50వ రాయికి వెళ్లి కామున్నీల అక్షరాలు వెతకండి, నోట్‌బుక్‌లోవి పక్కన పెట్టుకుని. 70వ రాయి మీద కొమ్ములున్న ఎత్తైన ఆకారం ఉంటుంది. కొమ్ముల దేవుడు కెర్నున్నోస్ అని గుర్తించారు. పక్కన చేతులెత్తి నిలబడ్డ చిన్న మనిషిని వదలకండి. ఇక్కడి బొమ్మల్లో ఎక్కువ భాగం ఇనుప యుగానివి, అంటే రోమన్లకు ముందు వెయ్యేళ్లలో చెక్కినవి. కత్తులు పట్టుకుని తలపడేవాళ్లు, గుర్రపు రౌతులు, కప్పుతో సహా ఇళ్లు ఉంటాయి. మ్యూజియంలో చూసిన ఆయుధం ఎవరి చేతిలో ఉందో వెతకండి.

నాలుగు రేకుల పువ్వులాంటి గుర్తు కనిపిస్తే ఆగండి. దాన్ని ‘రోజా కమూనా’ అంటారు, మిలాన్‌లో ఉండేవాళ్లు రోజూ చూసేదే. మిలాన్ ఉన్న లొంబార్డీ ప్రాంత ప్రభుత్వం 1975 నుంచి వాడుతున్న చిహ్నం ఇదే, ఈ లోయ రాళ్ల మీది నుంచే తీసుకున్నారు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. బండల మీద కాలు పెట్టొద్దు, నీళ్లు చల్లొద్దు, సుద్దతో దిద్దొద్దు, పిల్లల్ని ఆ పలకల మీద జారనివ్వొద్దు. చుక్కల అంచులు అరిగితే మళ్లీ రావు. నీడ కావాలంటే పక్క నుంచి ఫోన్ టార్చ్ వెలుగు ఏటవాలుగా వేయండి, చాలు. దూరంగా ఉన్న బొమ్మలకు చిన్న బైనాక్యులర్స్ ఉంటే హాయి.

టైం మిగిలితే

కొండ దిగి, ఓల్యో నది దాటి అవతలి ఒడ్డుకు వెళ్తే చెమ్మో. అక్కడ రెండు పెద్ద బండలున్నాయి. 1909లో వాల్టర్ లెంగ్ అనే ఆయన వీటి గురించి రాసిన తర్వాతే ఈ లోయ బొమ్మల సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది. ఇప్పుడు ఆ చోటు చుట్టూ చిన్న పార్కు ఉంది. బండ మీద జంతువుల వరసలు, వాటి మధ్య బాకులు. మూడు మూలల అలుగు, పిడి చివర అర్ధచంద్రం. పొద్దున లోపల గుర్తుపెట్టుకున్న ఆకారం ఇక్కడ ఎవరూ చూపించకుండానే దొరుకుతుంది. ఎండ ఇంకా బండ మీద ఉంటే ఒక పావుగంట అక్కడే కూర్చోండి. స్టేషన్ నది ఇవతల ఉంటుంది, వంతెన మీదుగా వెనక్కి నడిచే టైం కలుపుకుని బయల్దేరండి. తిరుగు రైల్లో ఈసారి కుడివైపు కూర్చోవాలి, సరస్సు అటు వస్తుంది.